సంతకానికి ముందు: చిన్న పబ్లిషర్ పంపిన అగ్రిమెంటును రచయిత తూచుకునే పద్ధతి

తెలుగులో చిన్న ప్రచురణ సంస్థలతో పని చాలాకాలం మాట మీదే నడిచింది. "రాతప్రతి పంపించండి గురువుగారూ, మిగతాది మేం చూసుకుంటాం" అన్న ఫోనుతో మొదలై, ఆవిష్కరణ సభలో శాలువాతో ముగిసేది. ఇప్పుడు రెండు మూడు పేజీల అగ్రిమెంటు వాట్సాప్‌లో వస్తోంది. మంచి మార్పే. కానీ దాన్ని తెరవగానే రచయిత కళ్లు రాయల్టీ శాతం కోసం వెతుకుతాయి. ఆ శాతాన్ని ఐదో ఆరో సంగతిగా చూస్తే చాలు. 500 కాపీల పుస్తకంలో డబ్బు ఎటు లెక్క వేసినా కొన్ని వేలే. హక్కుల సంగతి వేరు. మన చట్టం ప్రకారం కాపీరైటు రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. ఆ పొడవాటి ఆస్తిలో ఎంత ముక్క ఇస్తున్నారు, ఎన్నాళ్లకు ఇస్తున్నారు, ఏం జరిగితే అది తిరిగి మీ చేతికొస్తుంది అన్నవి ముందు తేల్చుకోవాలి. విశాఖలో ఉండి హైదరాబాదు, విజయవాడ సంస్థలతో ఒప్పందం రాసుకునేవారికి ఇది మరీ ముఖ్యం. చీటికీ మాటికీ వెళ్లి ఎదురుగా కూర్చుని అడిగే వీలుండదు. కాగితంలో ఉన్నదే మాట్లాడుతుంది.

ఫోన్ తెరమీద చదవొద్దు. ప్రింటు తీసి రెండు రంగుల పెన్నులు పట్టుకోండి. మీరు ఇచ్చేవన్నీ ఒక రంగు, వాళ్లు ఇచ్చేవన్నీ ఇంకో రంగు. గీతలు పూర్తయ్యాక పేజీ ఒకే రంగుతో నిండిపోయి కనిపిస్తే, ఏ వాక్యాల గురించి మాట్లాడాలో అక్కడే తెలిసిపోతుంది.

అవతల ఉన్నది ఎవరు

అట్ట మీద కనిపించే పేరు, సంతకం పెట్టేవారి పేరు ఒకటేనా అన్నది మొదట చూడండి. చాలా చిన్న సంస్థలు ఒక్క మనిషి నడిపేవి. కంపెనీగానో, భాగస్వామ్యంగానో నమోదై ఉండకపోవచ్చు. అది తప్పేమీ కాదు. ఆ మనిషి పూర్తి పేరు, చిరునామా, పాన్ నంబరు అగ్రిమెంటులో ఉంటే చాలు. రేపు ఆయన సంస్థ మూసేసినా, ఇంకెవరికో అమ్మేసినా, మరణించినా మీ పుస్తకం గతేమిటి? "రచయిత రాతపూర్వక అనుమతి లేకుండా ఈ హక్కులను మరొకరికి బదిలీ చేయరాదు, సంస్థ మూతపడితే హక్కులన్నీ రచయితకు తిరిగి వస్తాయి" అన్న వాక్యం లేకపోతే చేర్పించండి. పెద్ద సంస్థతో దీని అవసరం తక్కువ, చిన్న సంస్థతో చాలా ఎక్కువ.

హక్కుల పేరా

అగ్రిమెంటులో అన్నిటికంటే ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఇదే. రెండు రకాల మాటలు కనిపిస్తాయి. "కాపీరైటును బదిలీ చేస్తున్నాను" అంటే పొలం రాసిచ్చినట్టు. "ప్రచురించుకునే హక్కు ఇస్తున్నాను" లేదా "లైసెన్సు ఇస్తున్నాను" అంటే కౌలుకిచ్చినట్టు. చిన్న సంస్థకు కౌలు సరిపోతుంది. 500 కాపీలు వేయడానికి పొలం రాయించుకోవాల్సిన పని లేదు.

1957 కాపీరైటు చట్టంలో 19వ సెక్షను రచయితకు నిజమైన అండ. హక్కుల బదిలీ రాతలో ఉండి, రచయితో ఆయన తరఫున అధికారం ఉన్నవారో సంతకం పెడితేనే చెల్లుతుంది. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత అన్నవి అందులో చెప్పాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లుగా లెక్కిస్తారు. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే ఆ హక్కు వరకు బదిలీ రద్దయినట్టే, అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే తప్ప. ఈ "తప్ప" దగ్గరే రచయితలు పోగొట్టుకుంటారు. "19వ సెక్షను 4వ ఉపసెక్షను ఈ ఒప్పందానికి వర్తించదు" అని చివరి పేజీలో చిన్న వాక్యం కనిపిస్తే, మీ రాతప్రతిని అచ్చు వేయకుండా ఎన్నాళ్లైనా బీరువాలో పెట్టుకునే వీలు వాళ్లు అడుగుతున్నారన్నమాట. దాన్ని కొట్టేయించండి.

నోటిమాటతో బదిలీ చెల్లదన్న సంగతి పాత పుస్తకాలకూ పనికొస్తుంది. ఏ కాగితమూ లేకుండా ఎప్పుడో వచ్చిన మీ పుస్తకం కాపీరైటు మీదే. లోపలి పేజీలో "సర్వహక్కులు ప్రచురణకర్తవి" అని అచ్చయి ఉన్నంత మాత్రాన అది మారదు.

ఇక హక్కుల జాబితా. అచ్చు పుస్తకం, ఈ-బుక్, ఆడియో, ఇతర భాషల్లోకి అనువాదం, పత్రికల్లో సీరియల్, సినిమా, వెబ్ సిరీస్, నాటకం, పాఠ్యపుస్తకాల్లో చేర్చడం. ఇవి వేటికవే వేర్వేరు హక్కులు. ఒక్కొక్కదాని పక్కన ఒకే ప్రశ్న వేయండి: ఈ సంస్థ ఈ పని ఇంతకుముందు చేసిందా? అచ్చు పుస్తకాలు మాత్రమే వేసే సంస్థ ఆడియో హక్కు తీసుకుని చేసేదేమీ ఉండదు, ఇంకెవరైనా అడిగితే మధ్యలో సగం వాటా తీసుకోవడం తప్ప. అచ్చు తెలుగు పుస్తకం హక్కు మాత్రం ఇచ్చి, "ఇక్కడ పేర్కొనని హక్కులన్నీ రచయితవే" అని రాయించుకోవడం అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. "ప్రస్తుతం ఉన్న, భవిష్యత్తులో రాబోయే అన్ని మాధ్యమాల్లో" అన్న మాటను ఉండనివ్వొద్దు. ఒప్పందం నాటికి లేని మాధ్యమానికి బదిలీ వర్తించాలంటే దాన్ని ప్రత్యేకంగా పేర్కొనాలని 2012 సవరణ చెబుతోంది. అయినా ఆ గొడవకు తావెందుకు ఇవ్వాలి?

సినిమా హక్కు వాళ్లకు ఇవ్వాల్సిందేనని పట్టుబడితే, వచ్చిన సొమ్ములో మీకు 80 నుంచి 90 శాతం, ఏ ఒప్పందమైనా మీ సంతకంతోనే అన్న రెండు షరతులు పెట్టండి. కథల సంపుటి రచయితలు ఇంకో మెట్టు జాగ్రత్తపడాలి. సంపుటికి హక్కు ఇస్తే ప్రతి కథకూ విడిగా ఇచ్చినట్టు చదువుకునే వీలుండకూడదు. రేపు ఏదో సంకలనంలో మీ ఒక్క కథ వేస్తామంటే పబ్లిషర్ అనుమతి కోసం తిరగాల్సి వస్తుంది.

కాలం 3 నుంచి 5 ఏళ్లు న్యాయం. "కాపీరైటు ఉన్నంతకాలం" అని ఉంటే మీ మనవలు కూడా ఆ కాగితానికి కట్టుబడతారు.

రాయల్టీ లెక్క

శాతం ఎంత అన్నదానికంటే దేనిమీద శాతం అన్నది పెద్ద ప్రశ్న. లెక్క వేద్దాం. ధర 200 రూపాయలు, 500 కాపీలు, రాయల్టీ 10 శాతం.

"ముద్రిత ధర మీద" అని ఉంటే కాపీకి 20 రూపాయలు. అన్నీ అమ్ముడుపోతే 10,000. "సంస్థకు చేరిన మొత్తం మీద" అని ఉంటే, షాపుకో పంపిణీదారుకో 40 శాతం కమిషన్ పోయాక సంస్థకు చేరేది 120. మీకు కాపీకి 12, మొత్తం 6,000. మొదటిదానితో సమానం కావాలంటే ఇక్కడ 16 నుంచి 17 శాతం అడగాలి. "నికర లాభం మీద" అని ఉంటే డీటీపీ (కంప్యూటర్లో పేజీల కూర్పు), ముఖచిత్రం, ముద్రణ, గోడౌను, పార్సిలు, ప్రచారం అన్నీ తీసేశాకే మీ వంతు. 500 కాపీల పుస్తకంలో లాభం మిగలకపోవడం మామూలే. అందుకు ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు కూడా. ఈ మూడో మాటకు ఒప్పుకోవద్దు.

రాయల్టీ బదులు కాపీలు ఇస్తామనడం తెలుగులో బాగా ఉన్న పద్ధతి. 500కి 50 కాపీలు అంటే కాగితం మీద అదే 10,000 రూపాయలు. మీరు అమ్ముకుంటే ఆ మాట నిజమవుతుంది. సభకు వచ్చినవాళ్లకు, బంధువులకు, సమీక్షకులకు పంచేస్తే మీకు వచ్చింది సున్నా. పంచడమే మీ ఉద్దేశమైతే తీసుకోండి, కానీ తెలిసి తీసుకోండి. అలా తీసుకున్నప్పుడు "ఇది మొదటి ముద్రణకు మాత్రమే, రెండో ముద్రణ నుంచి డబ్బుగా రాయల్టీ" అని రాయించుకోండి.

లెక్క ఎప్పుడు చెబుతారు? ఏటా మార్చి 31తో ముగించి, జూన్ 30లోగా స్టేట్‌మెంటు, డబ్బు రెండూ అందాలి. స్టేట్‌మెంటులో అచ్చయినవి, అమ్మినవి, ఉచితంగా ఇచ్చినవి, షాపుల దగ్గర ఉన్నవి, గోడౌనులో మిగిలినవి విడివిడిగా కనబడాలి. షాపులు పుస్తకాలను అమ్మితే డబ్బు, లేకపోతే వాపసు అన్న లెక్కన పెట్టుకుంటాయి కనుక, షాపుకు వెళ్లింది అమ్ముడైనట్టు కాదు. పబ్లిషర్ "ఇంకా షాపుల నుంచి రాలేదు" అనడం ఏడాది వరకు నమ్మదగ్గ మాట. రెండేళ్ల తర్వాత కాదు. ఎన్ని కాపీలు వేశారో ప్రతి ముద్రణకూ లోపలి పేజీలో అచ్చు వేయాలని, ప్రెస్సు బిల్లు నకలు అడిగితే చూపించాలని రెండు వాక్యాలు చేర్చండి. నిజాయితీగా నడిపేవాళ్లు వీటికి అడ్డు చెప్పరు. ఉచిత కాపీలకు 25 అనో, ముద్రణలో 5 శాతం అనో గరిష్ఠం పెట్టండి. గ్రంథాలయాలకు గంపగుత్తగా అమ్మిన వాటికి రాయల్టీ లేదన్న వాక్యం కనిపిస్తే తప్పకుండా అడగండి. చాలా పుస్తకాలకు అసలు అమ్మకం అదే.

పన్ను సంగతి క్లుప్తంగా. ఒక సంస్థ నుంచి ఏడాదిలో వచ్చే రాయల్టీ 50,000 దాటితే మూలంలో 10 శాతం పన్ను కోత ఉంటుంది. పాన్ ఇవ్వకపోతే 20. చిన్న పబ్లిషర్ మీ 6,000 రాయల్టీలో పన్ను అని కోసుకుంటే, కట్టిన రుజువు అడగండి.

మీ చేతి డబ్బు అడిగినప్పుడు

"రచయిత 100 కాపీలు 30 శాతం తగ్గింపుతో కొనాలి" అన్న షరతు ఇప్పుడు చాలా అగ్రిమెంట్లలో ఉంటోంది. పై పుస్తకానికే చూడండి. 100 కాపీలకు మీరు కట్టేది 14,000. రచయిత కొన్న కాపీలకు రాయల్టీ ఉండదు కనుక, మిగతా 400 పూర్తిగా అమ్ముడుపోయినా వచ్చేది 8,000. అంటే పుస్తకం బ్రహ్మాండంగా అమ్ముడైనా, మీ దగ్గరున్న వంద కాపీలు మీరు అమ్ముకోకపోతే 6,000 ఎదురిచ్చినట్టు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఆవిష్కరణ పెట్టుకుని, స్నేహితుల చేత కొనిపించుకుని ఓ 60 కాపీలు పోగలవనుకుంటే 60కే ఒప్పుకోండి. ఆ సభ ఖర్చు, అంటే హాలు, టిఫిన్లు, శాలువాలు, ఎవరిదో కూడా అందులోనే రాసుకోవాలి. రాయకపోతే అది మీదే అవుతుంది.

మొత్తం ఖర్చు మీరే పెడుతుంటే అది ప్రచురణ ఒప్పందం కాదు, పని చేయించుకోవడం. అప్పుడు హక్కులన్నీ మీవి, కాపీలన్నీ మీవి, సంస్థకు అమ్మిన వాటి మీద కమిషన్ మాత్రమే. డబ్బూ మీదే, హక్కులూ వాళ్లవే అన్న అగ్రిమెంటు ఎంత మర్యాదగా రాసినా తిరస్కరించండి.

వాళ్లు చెప్పిన ఖర్చు సరైనదో కాదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. నగరంలో రెండు ప్రెస్సులకు ఒకే వివరాలు ఇచ్చి కొటేషన్ అడగండి: 144 పేజీలు అంటే 16 పేజీల ఫారాలు తొమ్మిది, 1/8 డెమీ సైజు, లోపల 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) మ్యాప్‌లిథో కాగితం, ఒకే రంగు, అట్ట 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు నాలుగు రంగులు, లామినేషన్, పర్ఫెక్ట్ బైండింగ్, 300కి ఎంత, 500కి ఎంత. ఈ వివరాలన్నీ అగ్రిమెంటులో కూడా ఉండాలి. "మంచి కాగితం" అన్నదానికి అర్థం లేదు. డబ్బు ఒకేసారి ఇవ్వొద్దు. మొదట 40 శాతం, ఆఖరి ప్రూఫు మీరు ఒప్పుకున్నాక 40, కాపీలు చేతికొచ్చాక 20. ఐఎస్‌బీఎన్‌కు, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరుకు, విడిగా ఛార్జీ వేస్తే ప్రశ్నించండి. మన దేశంలో దాన్ని రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయిత సొంతంగా కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

రాతప్రతి, ప్రూఫులు, ఫైళ్లు

ఉత్తరాంధ్ర మాండలికంలో రాసేవారికి ఇక్కడ ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. "వచ్చీసాడు", "ఎల్లిపోనాడు" అని మీరు రాసినవాటిని ప్రూఫులు దిద్దేవారు మంచి మనసుతోనే "వచ్చేశాడు", "వెళ్లిపోయాడు" చేసేస్తారు. పుస్తకం అచ్చయి వచ్చాక పాత్రలన్నీ ఒకే గొంతుతో మాట్లాడుతుంటాయి. హక్కులు ఇచ్చేసినా రచనను పాడుచేస్తే అభ్యంతరపెట్టే ప్రత్యేక హక్కు 57వ సెక్షను కింద రచయితకు ఉంటుంది. కానీ మీ పరువుకు భంగం కలిగిందని చూపించాల్సి వస్తుంది. ముందే ఒక వాక్యం రాసుకోవడం ఎంతో తేలిక: "మాండలిక పదాలు, వర్ణక్రమం సహా రచయిత ఆమోదం లేని మార్పులు చేయరాదు. ఆఖరి ప్రూఫు మీద రచయిత సంతకం అయ్యాకే అచ్చుకు వెళ్లాలి." ఎక్కువగా వాడే మాండలిక రూపాల పట్టిక ఒకటి రాతప్రతికి జతచేస్తే ప్రూఫులు దిద్దేవారికీ సాయం. అలాగే మీ వైపు గడువూ ఒప్పుకోండి. ప్రూఫు వచ్చిన 15 రోజుల్లో తిప్పి పంపాలి.

ఎవరూ అడగనిది, తర్వాత అందరూ బాధపడేది డీటీపీ ఫైలు. తెలుగు పుస్తకాలు ఇప్పటికీ చాలావరకు అను అనే పాత తరహా ఫాంట్లలో కూర్చుతారు. దాన్ని ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే యూనికోడ్‌కు మారిస్తే ఒత్తులు, అరసున్నలు, విరామ చిహ్నాలు చెదిరిపోతాయి. మీరు ప్రూఫుల్లో చేసిన దిద్దుబాట్లన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి, మీ కంప్యూటర్లో ఉన్నది పాత రాతప్రతి. ఐదేళ్ల తర్వాత ఈ-బుక్ చేద్దామంటే మళ్లీ మొదటినుంచి టైపు చేయించాలి. "పుస్తకం విడుదలైన 30 రోజుల్లోగా తుది పీడీఎఫ్, కూర్పు ఫైలు రచయితకు ఇవ్వాలి" అని రాయించండి. ముఖచిత్రం చిత్రకారుడిది. దాన్ని తర్వాతి ముద్రణల్లో మీరు వాడుకోవచ్చో లేదో అదే పేరాలో తేల్చుకోండి.

హామీల పేరాలో "ఈ రచన ఇదివరకు ఎక్కడా ప్రచురితం కాలేదు" అని ఉంటుంది. మీ కథలు వారపత్రికల్లో వచ్చి ఉంటే ఆ వాక్యం అబద్ధం. ఏ కథ ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో జాబితా జతచేసి వాక్యం మార్పించండి. "ఏ కేసు వచ్చినా మొత్తం ఖర్చు రచయితదే" అన్నదాన్ని, "రచయిత హామీ తప్పినట్టు కోర్టు తుది తీర్పు ఇస్తే, అందుకున్న రాయల్టీ మేరకు" అని తగ్గించాలి. 10,000 రాయల్టీకి ఇల్లు పూచీ పెట్టే రచయిత ఉండకూడదు.

బయటపడే దారి

"పుస్తకం అందుబాటులో ఉన్నంతకాలం ఒప్పందం అమల్లో ఉంటుంది" అన్న మాట పాతకాలంలో సబబుగానే ఉండేది. స్టాకు అయిపోతే అయిపోయినట్టే. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఒక కాపీ తీసిచ్చే డిజిటల్ ముద్రణ వచ్చింది. ఆ లెక్కన పుస్తకం ఎప్పటికీ అందుబాటులో ఉన్నట్టే. అందుకే అంకె కావాలి: "వరుసగా 12 నెలల్లో 50 కాపీల కంటే తక్కువ అమ్ముడైతే, లేదా స్టాకు అయిపోయిందని రచయిత రాసిన 90 రోజుల్లో పునర్ముద్రణ జరగకపోతే, హక్కులు రచయితకు తిరిగి వస్తాయి." రాతప్రతి ఇచ్చిన 12 నెలల్లో పుస్తకం రాకపోయినా అంతే. వరుసగా రెండు స్టేట్‌మెంట్లు ఇవ్వకపోతే ఒప్పందం రద్దు చేసుకునే వీలు కూడా చేర్చండి.

"రచయిత తర్వాతి మూడు పుస్తకాలు ముందుగా ఈ సంస్థకే చూపాలి" అన్న షరతు చిన్న సంస్థలు ప్రేమతోనే పెడతాయి. ఒక పుస్తకానికి, అదీ 60 రోజుల్లో జవాబు చెప్పాలన్న గడువుతో, అంతకు మించి వద్దు.

మిగిలిన స్టాకు ఏమవుతుందో కూడా రాయాలి. ఒప్పందం ముగిశాక అమ్ముకోవడానికి ఆరు నెలలు ఇచ్చి, తర్వాత ముద్రణ ఖర్చుకు కొనుక్కునే మొదటి అవకాశం మీకుండాలి. ఎన్ని కొంటారో ఇంట్లో చోటు చూసి చెప్పండి. పైన చెప్పిన 144 పేజీల పుస్తకం ఒక్కోటి సుమారు 170 గ్రాములు, 300 కాపీలంటే 50 కిలోలు. సముద్రం గాలికి విశాఖ ఇళ్లలో నేలమీద పెట్టిన కట్టలు ఒక్క వానాకాలంలో చెమ్మ పట్టి అంచులు వంకర్లు పోతాయి. గోడకు ఆనకుండా బల్ల మీద, ప్లాస్టిక్ కవరు చుట్టిన పెట్టెల్లో పెట్టగలిగినన్నే తెప్పించండి. ఆర్టీసీ కార్గోలోనో లారీ పార్సిల్లోనో వచ్చే ఖర్చు ఎవరిదో కూడా రాసుకోవాలి.

తగాదా వస్తే

"హైదరాబాదు న్యాయస్థానాల పరిధికి మాత్రమే" అన్న వాక్యంలో "మాత్రమే" కొట్టేయించి విశాఖపట్నం చేర్పించండి. కాపీరైటు ఉల్లంఘన మీద రచయిత తాను నివసించే చోటి జిల్లా కోర్టులో దావా వేసే వీలు 62వ సెక్షను ఇస్తోంది. రాయల్టీ బాకీ లాంటి ఒప్పంద తగాదాకు మాత్రం కాగితంలో రాసుకున్న ఊరే లెక్కలోకి వస్తుంది. డబ్బు బాకీకి దావా గడువు 3 ఏళ్లు. మొహమాటంతో ఏళ్లు గడిపేస్తే అదీ పోతుంది. మధ్యవర్తిని సంస్థే నియమిస్తుందని ఉంటే ఇద్దరి అంగీకారంతో అని మార్చండి. తగాదాలో ఉన్న పక్షం తానొక్కటే మధ్యవర్తిని నియమించుకోకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఉన్నంత మాత్రాన చెడ్డ షరతు మంచిదైపోదు, మామూలు కాగితం మీద సంతకాలున్నంత మాత్రాన మంచి షరతు చెడ్డదీ కాదు.

అడగడం ఎలా

పది మార్పులు ఒకేసారి అడిగితే ఒక్కడే అన్ని పనులూ చేసుకునే పబ్లిషర్ బెదిరిపోతాడు. వదులుకోకూడనివి నాలుగు: పేర్కొనని హక్కులు మీవే అన్న వాక్యం, కాలపరిమితి, ముద్రిత ధర మీద రాయల్టీ, అంకెలతో హక్కుల వాపసు. మిగతావాటిలో ఇచ్చిపుచ్చుకోండి. ఫోన్లో మాట్లాడి, తర్వాత రాతలో పంపండి. ఇలా రాయొచ్చు: "అన్నా, అగ్రిమెంటు చదివాను. పుస్తకం మీ దగ్గరే రావాలని నా కోరిక. రెండో పేరాలో ఆడియో, సినిమా హక్కులు తీసేసి అచ్చు వరకే ఉంచుదాం. ఐదేళ్లు అని రాద్దాం, బాగుంటే మళ్లీ పొడిగించుకుందాం. మార్చిన వాక్యాలు కింద రాశాను, ఒకసారి చూడండి." మార్పు మీరే వాక్యంగా రాసి ఇస్తే ఒప్పుకోవడం వాళ్లకు తేలిక.

"అది ఊరికే ఉంటుందండీ, మేం ఎప్పుడూ వాడం" అంటే, "వాడనప్పుడు తీసేద్దాం" అని నెమ్మదిగా చెప్పండి. అప్పటికీ తీయకపోతే అది వాడేదే.

ఒప్పుకున్నాక ప్రతి పేజీ కింద ఇద్దరి సంతకాలు, కొట్టివేతల పక్కన పొడి సంతకాలు, తేదీ, ఇద్దరు సాక్షులు. అసలు కాగితాలు రెండు, చెరొకటి. స్కాన్ తీసి మీ ఈమెయిలుకు పంపుకోండి, ఇంట్లో ఒకరికి అది ఎక్కడుందో చెప్పండి. ఫోన్ క్యాలెండరులో మూడు తేదీలు పెట్టుకోండి: పుస్తకం రావాల్సిన గడువు, ఏటా జూన్ 30, ఒప్పందం ముగిసే రోజుకు మూడు నెలల ముందు. స్టేట్‌మెంటు రాకపోతే జూలై మొదటివారంలో ఒక ఈమెయిలు, నెల చూసి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం. రసీదును అగ్రిమెంటుకే గుచ్చి పెట్టండి.